అరవై అయిదో రంగు

రంగుల విషయంలో కొమ్మరపూడిలో భ్రమరాంబ మాటకు ఎదురులేదు. ఆమె తన అద్దకం షెడ్డులో నూలుకు రంగెక్కించి ఇస్తేగాని ఆ ఊళ్లో సగం మగ్గాలు కదలవు. అయితే ఫుట్‌బాల్ ఆటలో బంతికన్నా రంగుకే ఎక్కువ పని ఉంటుందన్న సంగతి మాత్రం ఆమెకు ఆ గురువారం దాకా తెలియదు.

పట్నంలో స్టేడియం మరమ్మతుల్లో పడింది. అక్కడ జరగాల్సిన ఆడవాళ్ల అంతర్జాతీయ మ్యాచ్, దగ్గర్లో మరో మంచి మైదానం లేక, కొమ్మరపూడికి వచ్చిపడింది. ఒక పక్క మన దేశం, ఇంకో పక్క సముద్రం అవతలి చిన్న ద్వీపదేశం. శనివారం సాయంత్రం నాలుగింటికి ఆట. మన జట్టులో భ్రమరాంబ కూతురు సుభాషిణి కూడా ఉంది. ఉంది అంటే, మూడేళ్లుగా బెంచీ మీద ఉంది. ఆమె రెండో గోల్‌కీపరు. మొదటి గోల్‌కీపరుకు ఈ మూడేళ్లలో జలుబు కూడా చేయలేదు.

ఆటగాళ్ల కోటాలో ఉద్యోగానికి సుభాషిణి పెట్టిన దరఖాస్తు రెండుసార్లు తిరిగొచ్చింది. అంతర్జాతీయ మ్యాచ్ ఆడినట్టు పత్రం జతపరచాలనీ, కూర్చున్నట్టు పత్రం చాలదనీ రాసి పంపారు. వయసు లెక్కన ఆమెకు ఇదే ఆఖరు ఏడాది.

బుధవారం నాడు మొదటి గోల్‌కీపరు చూపుడువేలు బస్సు తలుపులో పడింది. కోచ్ ఫిలోమిన సుభాషిణిని పక్కకు పిలిచి, "శనివారం నువ్వే" అంది. ఆ పిల్ల పరుగున ఇంటికొచ్చింది.

"అమ్మా, ఒకరి వేలు విరిగితే సంతోషపడకూడదు గదా?"

"నువ్వు పడబాకు. నీ బదులు నేను పడతాలే. నువ్వు ఆడు" అంది భ్రమరాంబ.

మర్నాడు పొద్దున ఆమె షెడ్డు ముందు జీపు ఆగింది. అందులోంచి ఒక లావుపాటి పుస్తకం దిగింది. దాని వెనక దాన్ని మోస్తూ ఒక సన్నపాటి మనిషి దిగాడు. తెల్లచొక్కా, తెల్లప్యాంటు, తెల్లబూట్లు. తన వల్ల ఏ రంగుకూ ఇబ్బంది రాకూడదన్నట్టు ఉన్నాడు.

"అమ్మా, నమస్కారము. నా పేరు కమలనాథం. ప్రపంచ పాదకందుక వర్ణ సామరస్య మండలి తరఫున వచ్చిన పర్యవేక్షకుడను. నిబంధన నాలుగు, ఉపనిబంధన తొమ్మిది ప్రకారము మ్యాచ్ జరుగు స్థలమందలి వర్ణ నిపుణుల అభిప్రాయము తీసుకొనవలెను. విచారించగా తమరి పేరు వచ్చినది."

భ్రమరాంబ చేతులు కడుక్కుని బల్ల వేసింది. ఆయన కూర్చోలేదు. బల్ల మీద పుస్తకాన్ని కూర్చోబెట్టాడు. అందులో అరవై నాలుగు పేజీలు, పేజీకో రంగు, రంగుకో సంఖ్య. ఈ అరవై నాలుగూ తప్ప లోకంలో వేరే రంగు లేదని మొదటి పేజీలోనే సంతకాలతో సహా తీర్మానించి ఉంది.

ఆయన సంచిలోంచి రెండు జెర్సీలు తీశాడు.

"ఇది మన జట్టు నీలము, సంఖ్య ముప్పది ఒకటి. ఇది అతిథి జట్టు నీలము, సంఖ్య ముప్పది నాలుగు. వీటి నడుమ సంఘర్షణ కలదా?"

"సంఘర్షణ ఏందండీ?"

"కొట్లాట."

"గుడ్డలు కొట్టుకోవండీ. రెండూ ఒక తొట్టిలోయే. ఇది మూడు ముంచులు, అది ఒక ముంచు. అంతే తేడా."

కమలనాథం మొహం వెలిగింది. "ఏకోదర వర్ణములు" అని రాసుకున్నాడు. "కావున అతిథి జట్టు తెలుపు ధరించవలెను. ఇప్పుడు తమరు ఆలోచించి చెప్పవలసినది. బంతి తెలుపు. తెల్లచొక్కా ముందు తెల్లబంతి కనబడునా?"

భ్రమరాంబ ఆలోచించింది. ఆమెకు ఒక అలవాటు ఉంది. మనుషుల గురించి అవసరాన్ని బట్టి ఒకటీ అరా అబద్ధం చెప్పగలదు గాని, రంగు గురించి చెప్పలేదు. నోరు రాదు.

"కనపడదండీ. మల్లెపూలల్లో అన్నం మెతుకు పడ్డట్టు ఉంటది."

"భేష్! కావున బంతి నారింజ. కావున నారింజ, దాని ఏకోదరములు ఆరును ఇతరులకు నిషిద్ధము." ఆయన ఎర్రసిరాతో ఏడు పేజీల మీద అడ్డంగా గీతలు కొట్టాడు. తొట్టి దగ్గర పనివాళ్లు కళ్లప్పగించి చూశారు. రంగు మీద గీత కొట్టడం వాళ్లెప్పుడూ చూడలేదు.

శుక్రవారం ఆమెను జీపులో ఎక్కించుకుని మైదానానికి తీసుకుపోయాడు. పుస్తకం ముందు సీట్లో కూర్చుంది. భ్రమరాంబ వెనక సీట్లో కూర్చుంది.

మైదానంలో జట్టు సాధన చేస్తోంది. సుభాషిణి గోల్ ముందు అటూ ఇటూ ఎగురుతోంది. కమలనాథం ఆటకేసి చూడలేదు. వంగి గడ్డిని చూశాడు. పచ్చ. పదకొండు పేజీలు పోయాయి. గోల్ ముందు గడ్డి పట్టక నేల బోసిగా ఉంది. మట్టి రంగులు అయిదు పోయాయి. కుర్చీలు ఊదా. పోయింది. గోడమీద నిలువెత్తు సబ్బు ప్రకటన బొమ్మ లేతాకుపచ్చ. అది ఇందాకే గడ్డితోపాటు పోయిందని తెలిసి ఆయన కొంచెం నిరాశపడ్డాడు.

"పసుపు మాటేమిటి? గోల్‌కీపర్లు తరచు పసుపు కోరుదురు."

"ఇంత ఎండలో లేతపసుపు తెల్లబడిద్దండి. ముదురుదైతే నారింజలో కలిసిద్ది" అంది భ్రమరాంబ నిజాయితీగా.

"అదియునుగాక" అన్నాడాయన, "రిఫరీ చేత పసుపు కార్డు ఉండును. పసుపు చొక్కా పక్కన పసుపు కార్డు ఎత్తినచో, హెచ్చరించుచున్నాడో, చొక్కా చూపించుచున్నాడో ప్రేక్షకులకు ఎట్లు తెలియును? ఎరుపు కార్డుదీ అదే గతి. ఎర్రచొక్కా వేసుకున్నవారు పుట్టుకతోనే బహిష్కృతులవలె కనబడుదురు. రెండును కొట్టివేయుచున్నాను."

ఫిలోమిన బంతి చంకలో పెట్టుకుని వచ్చింది. ఆమెది గట్టి గొంతు. పదేళ్లుగా మైదానం ఆ చివరనుంచి ఈ చివరకు వినపడేట్టు మాట్లాడీ మాట్లాడీ మామూలు గొంతు పోయింది.

"సార్, ముదురు ఎరుపు అన్నా ఉంచండి. నీలానికీ ఎరుపుకూ ఏం కొట్లాట?"

"నలుపు తెలుపు టీవీలో నీలమును, ఎరుపును ఒక్కటిగానే కనబడును. ఈ నిబంధన అట్టి ప్రేక్షకుల రక్షణార్థము చేయబడినది."

"నలుపు తెలుపు టీవీ ఇప్పుడు ఎవరింట్లో ఉంది సార్?"

"ఎవరింటను లేదని రుజువు లేదు."

అప్పుడే నీళ్లు తాగడానికి వచ్చిన సుభాషిణి తల్లి చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

"అమ్మా, ఏం చేస్తున్నావు?"

"ఆయన అడుగుతున్నాడు, నేను చెబుతున్నా."

"ఆ పుస్తకంలో ఇంకా ఎన్ని మిగిలినయ్యో చూశావా? పదమూడు. గోల్‌కీపరు రంగు ఎవరితోనూ కలవకూడదంట. నువ్విట్టా ఒక్కో రంగూ చెప్పుకుంటా పోతే నేను ఏం కట్టుకుని ఆడాలి?"

"మరి లేతపసుపు తెల్లబడదా? చెప్పు."

"తెల్లబడిద్ది. తెల్లబడితే తెల్లబడింది, నువ్వు నోరు మూసుకోకూడదూ?"

భ్రమరాంబ మూసుకుందామనే అనుకుంది. కానీ ఇంతలో కమలనాథం ఆకాశంకేసి చూపించి, "శనివారం నాలుగు గంటలకు మేఘము ఏ రంగున ఉండును?" అని అడిగాడు. ఆమె చేతిని కళ్లకు అడ్డం పెట్టుకుని చూసింది. తూర్పుగాలి వాసన చూసింది. "పావురాయి బూడిదండి" అంది. బూడిదలు నాలుగూ పోయాయి. బంతి పైకి లేచినప్పుడు గోల్‌కీపరు కూడా పైకి లేస్తుందట, అప్పుడు ఆమె వెనక ఉండేది ఆకాశమేనట.

సాయంత్రానికి పుస్తకంలో గీత పడనిది ఒక్క పేజీ మిగిలింది. గులాబీ.

"చాలు సార్, మా పిల్లకు గులాబీ ఇయ్యండి" అంది ఫిలోమిన.

"గోల్‌కీపర్లు ఇద్దరు గదా. ఇద్దరికిని వేరువేరు రంగులు ఉండవలెను. అతిథి మర్యాద నిబంధన ప్రకారము మొదటి ఎంపిక ద్వీపము వారిది. వారు గులాబీని ఎంచుకొన్నారు."

"ఒక్కటే ఉంటే ఎంపిక ఏంది సార్?"

"ఎంపిక పద్ధతి ప్రకారమే జరిగినది" అని ఆయన చివరి పేజీ మీద అతి మర్యాదగా గీత కొట్టాడు. తర్వాత పుస్తకం మూసి, సుభాషిణివైపు జాలిగా చూశాడు. చెడ్డమనిషి కాదు. "అమ్మాయీ, గోల్‌కీపరు ఉండరాదని మేము ఎక్కడను చెప్పలేదు. రంగు కేటాయింపబడని గోల్‌కీపరు ఉండరాదనియే చెప్పినాము."

శనివారం పొద్దున సుభాషిణి షెడ్డులో తిరగేసిన తొట్టి మీద కూర్చుంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని భ్రమరాంబకు అనిపించింది. ఫిలోమిన ఎదురుగా నిలబడి, పది మందితోనైనా ఆడతామని, గోల్ ముందు ఎవరినీ నిలబెట్టమని చెప్పలేక చెబుతోంది.

"మేడమ్, ఒక్క మాట" అంది భ్రమరాంబ. "ఆయన పుస్తకంలో ఉన్న రంగుతో కలిస్తేనే గదా కొట్టేసేది? పుస్తకంలో లేని రంగైతే?"

"అట్టాంటిది ఉందా?"

భ్రమరాంబ షెడ్డు మూలకు పోయి ఒక సిమెంటు తొట్టి మీద గోనెపట్టా తీసింది. కొమ్మరపూడి అద్దకంవాళ్లు వారమంతా వాడగా మిగిలిన రంగునీళ్లను కాలవలో వదలరు. వదిలితే కాలవ అవతలి గేదెలవాళ్లు కర్రలతో వస్తారు. అందుకని ఏ రోజు మిగిలింది ఆ రోజు ఒకే తొట్టిలో పోసి, శనివారంనాడు ఇంట్లో పాత దుప్పట్లు, మసిగుడ్డలు, గుమ్మం తెరలు అందులో ముంచుతారు. ఆ వారం ఏయే చీరలు పడ్డాయో దాన్నిబట్టి రంగు వస్తుంది. ఒక వారం వచ్చింది ఇంకో వారం రాదు. పక్కింటి తొట్టిలోది ఈ ఇంటి తొట్టిలో రాదు.

"జెర్సీ గుడ్డకు ఇది పట్టదు. అది ప్లాస్టిక్కు. నూలుగుడ్డ కావాలి" అంది. మగ్గం మీదనుంచి దించిన తెల్లగుడ్డ రెండు గజాలు తీసి ముంచింది. ఎంతసేపు ముంచాలో ఎవరినీ అడగలేదు. కట్టెతో ఎత్తి చూసింది, మళ్లీ దించింది. మూడోసారి ఎత్తినప్పుడు ఫిలోమిన గట్టి గొంతు కూడా తగ్గిపోయింది.

"ఇదేం రంగండీ?"

"ఈ వారం రంగు" అంది భ్రమరాంబ.

గుడ్డ ఆరేసరికి పదకొండయింది. బజారు టైలరు గంటన్నరలో పొడుగుచేతుల చొక్కా కుట్టి ఇచ్చాడు. వీపు మీద ఒకటో నంబరు తెల్లగుడ్డతో అతికించాడు.

రెండింటికి మైదానంలో కమలనాథం ముందు ఆ చొక్కా పరిచారు. ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడు. పుస్తకం మొదటి పేజీతో పోల్చాడు. కలవలేదు. రెండో పేజీతో పోల్చాడు. నీడలో పెడితే వంకాయ తొక్కలాగుంది, పేజీ తిప్పేలోగా కాదన్నట్టుంది. ఎండలో పెడితే తాటిపండు ఛాయ కనిపించి, ఆయన పెన్ను తీసేలోగా మాయమైంది. అరవై నాలుగు పేజీలూ అయ్యేసరికి మూడున్నర. జట్లు రెండూ వరుసలో నిలబడ్డాయి. బయట జనం ఈలలు వేస్తున్నారు.

ఆయన ప్రధాన కార్యాలయానికి ఫోను చేశాడు. అటునుంచి వచ్చిన జవాబును నిలబడి విన్నాడు. తర్వాత అందరివైపూ తిరిగాడు.

"సంఖ్య లేని రంగు లేదని కార్యాలయము వారి అభిప్రాయము. కావున ఈ చొక్కాకు రంగు లేదు. రంగు లేని గోల్‌కీపరును నమోదు చేయుటకు వీలులేదు. నమోదు కాని వ్యక్తి మైదానమున లేనట్లే."

"అయితే ఆడొద్దంటారా?" అంది సుభాషిణి.

కమలనాథం పుస్తకం మూశాడు. నిబంధనలను అంత ప్రేమించే మనిషి వాటిని మీరలేడు. "ఉన్నవారిని బయటకు పంపు అధికారము నాకు కలదు, అమ్మాయీ. లేనివారిని పంపు అధికారము ఎవరికి ఉండును?"

సుభాషిణి చేతి తొడుగులు వేసుకుని గోల్ ముందుకు పరిగెత్తింది.

భ్రమరాంబ గట్టుమీద కూర్చుంది. ఆట ఆమెకు పెద్దగా తెలియదు. బంతి కూతురివైపు వస్తే ఊపిరి బిగబట్టడం, అటు పోతే వదలడం, అంతే. ఆ సాయంత్రం ఆమె ఊపిరి చాలాసేపు బిగబట్టవలసి వచ్చింది. ద్వీపం పిల్లలు గట్టివాళ్లు. గాలిలా వచ్చి కొట్టారు. సుభాషిణి కుడికి దూకింది, ఎడమకు దూకింది, ఒకసారి కాళ్ల సందున పోబోయిన బంతిని కూర్చుని పట్టింది. మూడేళ్లు బెంచీ మీద కూర్చుని ఎదుటివాళ్ల కాళ్లు చూడటమే ఆమె పని. ఏ కాలు ఎటు తిరిగితే బంతి ఎటు వస్తుందో ఆమెకు కంఠతా వచ్చు. బంతి ఆపినప్పుడల్లా కొమ్మరపూడి జనం "అద్దీ, మన సుబ్బి!" అని లేచి అరిచారు.

భ్రమరాంబ పక్కనే బల్ల వేసుకుని కమలనాథం నివేదిక రాస్తున్నాడు. ఆమె మెడ కొంచెం వంచి చదివింది.

'పదకొండవ నిమిషము. బంతి ఖాళీ గోల్ ముందు ఆగిపోయెను. కారణము తెలియరాలేదు.'

'ముప్పది నాలుగవ నిమిషము. బంతి గాలిలో దిశ మార్చుకొనెను. తూర్పుగాలి కావచ్చును.'

'డెబ్బది రెండవ నిమిషము. అతిథి జట్టుకు పెనాల్టీ. తన్నిన బంతి గోల్ వరకు వెళ్లి, తన్నినవారి వద్దకే తిరిగి వచ్చెను. మైదానము వాలు పరీక్షించవలెను.'

"ఏమండీ, ఇదేందండీ? మా పిల్ల దూకి ఆపింది గదా! మీరు చూడలా?"

"చూచితినమ్మా" అన్నాడు కమలనాథం లోగొంతుతో. "అద్భుతముగా దూకినది. కానీ రాయుటకు వీలులేదు."

ఆట గోల్ లేకుండానే ముగిసింది. జనం సుభాషిణిని ఎత్తుకున్నారు. కానీ ఆమె కళ్లు బల్లమీది కాగితం మీదే ఉన్నాయి. ఆ కాగితంలో పేరు లేకపోతే పత్రం రాదు, పత్రం లేకపోతే ఉద్యోగం రాదు. ఇంతమంది చూసినదాన్ని ఆ ఒక్క కాగితం చూడలేదు.

నిబంధన ప్రకారం నివేదిక మీద ఇద్దరు కెప్టెన్లూ సంతకం చేయాలి. లేకపోతే అది చెల్లదు. మన కెప్టెన్ చేయనని చేతులు కట్టుకుంది. కమలనాథం కాగితం ద్వీపం కెప్టెన్ ముందు పెట్టాడు. పొడుగాటి పిల్ల, మోకాలికి కట్టుతో ఉంది. ఇంగ్లీషు నకలు చదువుతూ చదువుతూ ఆగిపోయింది. మళ్లీ మొదటినుంచి చదివింది. తర్వాత పెద్దగా ఏదో అంది.

"ఏమంటది?" అంది భ్రమరాంబ.

ఫిలోమిన నవ్వు ఆపుకుంటూ చెప్పింది. "పదకొండుసార్లు ఖాళీ గోల్‌లోకి కొట్టి ఒక్కటి కూడా వేయలేకపోయారని రాశారంట. ఇది పట్టుకుని మా దేశం ఎట్టా పోతాం, మా అమ్మే నన్ను ఇంట్లోకి రానీదు అంటంది. గోల్ ముందు ఒక మనిషి ఉంది, రాక్షసి మాదిరి ఉంది, ఆ రాక్షసి పేరు రాస్తేనే సంతకం అంటంది."

సుభాషిణి ద్వీపం కెప్టెన్‌వైపు చూసింది. ఆ పిల్ల బొటనవేలు పైకెత్తింది.

కమలనాథం కాగితం వెనక్కి తీసుకున్నాడు. సంతకాలు లేని నివేదిక ఆయన ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో లేదు. మళ్లీ ఫోను చేశాడు. చాలాసేపు "చిత్తము, చిత్తము" అన్నాడు. చివరికి పుస్తకం తెరిచి, వెనక అట్టకు ముందున్న ఖాళీ కాగితం మీద 'అరువది అయిదు' అని రాశాడు. చొక్కా చేతి అంచునుంచి గోరంత గుడ్డ కత్తిరించి దాని కింద అతికించాడు.

"అమ్మా, నిపుణుల అభిప్రాయము కావలెను. ఈ రంగు ఏ రంగుతో కలియును?"

"దేంతోనూ కలవదండి."

"మరల ఎవరైనను దీనిని తయారుచేయగలరా?"

"నేనే చేయలేనండి. వచ్చే వారం తొట్టిలో వేరేది వచ్చిద్ది. ఇంకో ఊళ్లో ఇంకోటి వచ్చిద్ది. ఇట్టాంటి తొట్టి ఉన్న చోటల్లా లోకంలో లేని రంగొకటి ఉంటదండి."

కమలనాథం మొహంలో మొదట గొప్ప ఆనందం కనిపించింది. ఏ రంగుతోనూ పోట్లాడని రంగు! మండలి పుట్టినప్పటినుంచి వెతుకుతున్నది ఇదే. ఆ తర్వాత, మబ్బు కమ్మినట్టు, ఆ ఆనందం మెల్లగా పోయింది. ప్రతి గోల్‌కీపరూ ఒక తొట్టిలో ముంచిన చొక్కా వేసుకుంటే సంఘర్షణ ఉండదు. సంఘర్షణ లేకపోతే సామరస్యం అక్కర్లేదు. సామరస్యం అక్కర్లేకపోతే మండలికి జీపెందుకు, పుస్తకమెందుకు, తానెందుకు?

ఆయన వెంటనే కలం తీసి పేజీ కింద రాశాడు. 'ఈ వర్ణము ఏ వర్ణముతోను సంఘర్షింపనందున, రేపటినుండి నిషేధించడమైనది.'

"రేపటినుంచా?" అంది ఫిలోమిన. "మరి ఇవ్వాళ్టి ఆట?"

"ఇవాళ ఆడినది ఆడినట్లే" అన్నాడు కమలనాథం. నివేదికలో 'ఖాళీ గోల్' అన్న మాటలు పదకొండు చోట్ల కొట్టివేసి, పదకొండు చోట్లా సుభాషిణి పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాశాడు. కెప్టెన్లు ఇద్దరూ సంతకాలు చేశారు. ముద్ర పడింది. పత్రం సుభాషిణి చేతికొచ్చింది.

ఇంటికి వెళ్లేదారిలో ఆ పిల్ల పత్రాన్ని నాలుగుసార్లు చదివింది. అయిదోసారి ఆగిపోయింది.

"అమ్మా, ఇది చూశావా? ధరించిన రంగు అన్న చోట నిషిద్ధము అని రాశాడు. ఉద్యోగమిచ్చేవాళ్లు అడిగితే?"

"పేరు ఎక్కిందా లేదా?"

"ఎక్కింది."

"సిరాతోనేనా?"

"సిరాతోనే. పైన ముద్ర కూడా ఉంది."

"ఇంకేందే మరి. రంగుదేముంది, ఒక ఉతుకు ఉతికితే పోద్ది" అంది భ్రమరాంబ.

సుభాషిణి నడక ఆపి తల్లి మొహంలోకి చూసింది. ఇరవై ఆరేళ్ల వ్యాపారంలో, తను అద్దిన రంగు ఉతికితే పోతుందని భ్రమరాంబ తన నోటితో ఒప్పుకోవడం అదే మొదటిసారి.